మలయా ప్రయాణం, గుడివాడ వరకు

మలయాకు ఉద్యోగానికి వెళ్ళదలచినవారికి ఉపయోగపడవచ్చునని ఇది రాస్తున్నాను. నేను మలయా వెళ్ళలేదు. వెళ్ళడానికి ఎక్కడెక్కడ తిరగవలసి వస్తుందో మాత్రం చెప్పగలను.

మాది దివిసీమ, అవనిగడ్డకు దిగువన. మా లంక భూములు తాతగారి కాలంలోనే కృష్ణలో కోసుకుపోయాయి. మెరక మీద మిగిలినవాటిని వ్యాజ్యాలు తినేశాయి. ఇక నాకు మిగిలినవి బి.ఏ. పట్టా, బోధనలో శిక్షణ పొందినట్టు ఒక సర్టిఫికెట్టు, సగం పెంకులు జారిపోయిన పెద్ద సావడి. చుట్టుపక్కల బళ్ళలో పనికి నేను అర్జీ పెట్టలేదు. మా నాన్నగారి ఎదుట కూర్చోవడానికి జంకినవారు ఇప్పుడు ఆ బళ్ళకు పెద్దలు. వారి ముందు చేతులు కట్టుకుని నిలబడడం నాకు చేతకాదు. పినాంగు దగ్గర ఒక పట్టణంలో తెలుగువారు బడి పెట్టుకున్నారనీ, హెడ్మాస్టరు కావాలనీ పత్రికలో చూశాను. అక్కడ మమ్మల్ని ఎరిగినవారు లేరు. అందుకే అర్జీ పంపాను.

ఉద్యోగం ఇచ్చారు. కార్తీకం చివర మద్రాసులో కదిలే స్టీమరు ఎక్కి రావాలనీ, రాకపోతే మరొకరిని పెట్టుకుంటామనీ రాశారు. పాస్‌పోర్టుకు బందరు కలెక్టరు కచేరీలో అర్జీ ఇచ్చాను. పోలీసులు ఊరికి వచ్చి విచారించి వెళ్ళారు. ఆ తరవాత అలికిడి లేదు.

ఇంతలో గుడివాడనుంచి మా అక్కయ్య కబురు చేసింది. గురువారం దాటితే మూఢం వస్తుందట, నెల పైగా మంచి ముహూర్తం లేదట. పాస్‌పోర్టు రాకపోయినా ప్రస్థానం పెట్టేయమన్నది. ఇది తెలియనివారికి చెబుతాను. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే అతని సామాను పొలిమేర దాటించి, వెళ్ళే దారిలోనే ఒకరి ఇంట్లో ఉంచుతారు. సామాను కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. తరవాత ఆ సామాను వెనక్కి రాకూడదు. మనిషే వెళ్ళి దాన్ని కలుసుకుని అక్కడినుంచి ముందుకు సాగాలి. గురువారం ఉదయం నా పెట్టెను ధాన్యం బండి మీద గుడివాడ పంపించాను. ఇక దూరదేశ ప్రయాణమేగదా అని సర్టిఫికెట్లు కూడా అందులోనే సర్దాను. అది వెళ్ళిన మూడో నాడు కచేరీనుంచి తాఖీదు వచ్చింది. అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలట.

తెల్లవారుజామున బయలుదేరి పులిగడ్డ రేవు దాటి, అవతలి ఒడ్డున బస్సు ఎక్కాను. ముసురు పట్టింది. బస్సుకు ఒక పక్క తెర లేదు. బందరు చేరేసరికి పదిన్నర. కోనేరు సెంటరులో ఇడ్లీ తిని, తడిసిన ఉత్తరీయం పిండుకుని కచేరీకి వెళ్ళాను. పాస్‌పోర్టుల గుమాస్తా నడివయసు మనిషి, చెవిలో పెన్సిలు. నా దగ్గరున్న నకళ్ళు ఇచ్చాను.

"అసలువి కావాలండీ," అన్నాడు.

"నా మాట చాలదా?"

"మీ మాట నాకు చాలునండీ, మలయా వాళ్ళకే చాలదు. కూలీల మీద కట్టడి వచ్చింది. వెళ్ళేవాడు కూలీ కాదని రుజువు కావాలి."

"నేను కూలీలాగా కనిపిస్తున్నానా?"

"చూస్తే తెలుస్తోందండీ. కానీ కాగితం చూసినా తెలియాలి కదా."

నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే అలవాటు ఉన్నవాణ్ణి కాను. అయినా సర్టిఫికెట్లు గుడివాడలో ఎందుకున్నాయో చెప్పాను. అతను పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సర్టిఫికెట్టు గుడివాడలో ఉంది, మీరు బందరులో ఉన్నారు, ఉద్యోగం పినాంగులో ఉంది. ముగ్గురూ ఒకచోట చేరండి, చూద్దాం." పక్కబల్ల వాళ్ళు నవ్వారు. తరవాత అతనే గొంతు తగ్గించాడు. "సాయంత్రం రైలుకి వెళ్ళి రేపు తెచ్చి చూపించండి. ఎల్లుండికల్లా పై సంతకానికి పెడతాను. లేదంటే గుడివాడ తహశీల్దారుగారు అసలు చూసి ధ్రువీకరించి పంపినా చెల్లుతుంది. అది మాత్రం జరిగే వేళకి జరుగుతుందండీ."

సాయంత్రం బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు. పెడనలో అద్దకం బట్టల మూటలతో ఒకాయన ఎక్కి, నా పక్కన సర్దుకుంటూ ఎంతదాకా అని అడిగాడు. మలయా అన్నాను. "ఈ బండి బెజవాడ దాకానేనండీ," అన్నాడు చాలా మర్యాదగా.

అక్కయ్య ఇంటికి వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. పెట్టె పూజగది పక్కన పీట మీద ఉంది. దాని మీద పసుపు గుడ్డ, కొబ్బరికాయ. విషయం చెప్పాను.

"తెరువు, చూసుకో. నీ పెట్టే," అన్నది. "అందులోది ఏదీ బందరు వైపు మాత్రం పోదు."

"కాగితమేగా అక్కయ్యా. పెట్టె కాదుగా."

"మీ బావగారు కూడా ఉత్తి శాలువాయేగా అన్నారు."

మా బావగారు రంగూను వెళ్ళేముందు ఆయన పెట్టెను గుడ్లవల్లేరులో ప్రస్థానం పెట్టారు. చలికి శాలువా మరచిపోయానని ఒక్క పూట పెట్టెను ఇంటికి తెప్పించారు. రంగూనులో వానాకాలం దాటలేదు. అక్కడి జ్వరంతో పోయారన్న తంతి ఈ గుమ్మంలోకే వచ్చింది.

"ఆ గుమాస్తానే రమ్మను. పప్పూ అన్నం పెడతాను. తిని, చూసి పోతాడు," అన్నది. నవ్వుతూనే అన్నది గాని పెట్టెకు అడ్డంగా కూర్చున్నది.

ప్రస్థానం మీద నాకు ఎంత నమ్మకముందో నేను చెప్పలేను. ఆమెను పక్కకు జరిపి ఆ కాగితంతో గుమ్మం దాటగల మనిషిని మాత్రం కాను. తహశీల్దారుగారి చేతనే సంతకం చేయిస్తానన్నాను. స్టీమరుకు ఇంకా రెండు వారాలున్నాయి.

మర్నాడు తాలూకా కచేరీ తెరవగానే వెళ్ళాను. తహశీల్దారుగారు నందివాడ క్యాంపులో ఉన్నారన్నారు. బుడమేరు పొంగి చేలు మునిగాయట. సర్టిఫికెట్లు ముందుకు పోతున్నాయే గాని వెనక్కి రావడంలేదు గనుక అక్కయ్య ఒప్పుకున్నది. ఆమె పొట్లం కట్టి ఇచ్చిన పులిహోర పట్టుకుని ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. సగం దారిలో రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు.

"మునిగిన చేలు చూడ్డానికెళ్ళారండి ఆయన," అన్నాడు బండివాడు. "ఆయన చూసినకొద్దీ ఇంకా మునుగుతన్నాయండి."

నందివాడ చేరేసరికి ఆయన ముదినేపల్లి వెళ్ళిపోయారు. తిరిగి గుడివాడ వచ్చి రెండు రోజులు ఆగవలసి వచ్చింది, కల్వర్టు కొట్టుకుపోయి బండ్లు నడవలేదు. మూడోనాడు ముదినేపల్లిలో పట్టుకున్నాను. గట్టు మీద గొడుగు కింద నిలబడి ఉన్నారు. చుట్టూ పాతికమంది రైతులు. కుళ్ళిన వరి దుబ్బులు చేతిలో పెట్టి చూపిస్తున్నారు. నేను నా పేరూ, మా వంశం పేరూ చెప్పాను.

"విన్నానండీ," అన్నారాయన. "కొంచెం ఆగండి. వీళ్ళకి ఈ ఏడు పంట లేదు."

ఆగాను. మధ్యాహ్నం దాటాక బంగళా వరండాలో కాగితాలు చూసి, ఊపిరి పీల్చి విడిచినంతసేపట్లో సంతకం చేశారు. ఆ ధ్రువీకరణ నా చేతికి ఇవ్వకూడదట, తపాలాలో కచేరీనుంచి కచేరీకి పోవాలట. నేను తీసుకువెళ్తే మధ్యలో దిద్దుతానన్న అనుమానమా అని అడిగాను.

"మీరని కాదు మాస్టారూ, రూలు," అన్నారు.

ఇన్నాళ్ళలో నన్ను మాస్టారూ అని పిలిచినది ఆయనొక్కరే.

తరవాతి రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. వాన. రైలు కట్ట మీద నీళ్ళు ఉన్నాయని బందరు బండి రెండుసార్లు ఆపారు. ఉదయం స్టేషనుకు వెళ్ళేవాణ్ణి, తపాలా సంచులు ఎక్కించారా అని అడిగేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద కాఫీ అమ్మే అయ్యరు నన్ను చూడగానే తల అడ్డంగా తిప్పేవాడు. ఆలస్యమవుతుందని పినాంగుకు తంతి ఇచ్చాను. రాత్రిళ్ళు అక్కయ్య నిద్రపోయేది కాదని నాకు తెలుసు. నేనూ నిద్రపోలేదని ఆమెకూ తెలుసు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ, "పోనీ, తీసుకుపోరా. నేను దొడ్లో ఉంటాను, చూడను," అన్నది. అప్పటికే కాగితం తపాలాలో ఉంది, బందరు బండి నీళ్ళకు ఆగి ఉంది, స్టీమరుకు మూడు రోజులే ఉన్నాయి. తీసుకుపోయి చేసేదేమీ లేదు.

స్టీమరు వెళ్ళిపోయిన నాలుగోనాడు రమ్మని బందరునుంచి కార్డు వచ్చింది. వెళ్ళాను. గుమాస్తా ఈసారి కుర్చీ చూపించాడు. నీలం అట్ట పుస్తకం నా ముందు పెట్టాడు.

"మీరు కూలీ కాదని ఖాయమైందండీ," అన్నాడు. నా ముఖం చూసి కాబోలు, హాస్యం మానేశాడు. "అయిదేళ్ళు చెల్లుతుంది. ఇంకో ఉద్యోగం దొరక్కపోతుందా అండీ. దాచుకోండి."

గుడివాడ చేరేసరికి పినాంగునుంచి జవాబు వచ్చి ఉంది. మరొకరిని పెట్టుకున్నారు. విచారిస్తున్నామని ఒక మాట అదనంగా కలిపారు. తంతికి మాటకింత అని పడుతుంది గనుక వారు మర్యాదస్థులే అనుకున్నాను.

మర్నాడు ఉదయం పెట్టె ఎత్తించాను. అక్కయ్య వీధిలోకి రాలేదు. కిటికీలోంచి, "గొడుగు ఉందిరా?" అని మాత్రం అడిగింది. బస్సు పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరేసరికి రెండయింది. పూటకూళ్ళ ఇంట్లో భోజనం అయిపోయిందన్నారు. రెండు అరటిపళ్ళు తిన్నాను. ఈ దారిన వెళ్ళేవారికి చెప్పగలిగింది ఇదే: అసలు కాగితాలు ఒంటి మీద ఉంచుకోండి, వానాకాలం ముందే అర్జీ పెట్టండి, కచేరీలో ఎవరి మీదా కోపగించకండి. అక్కడ నాకు అపకారం తలపెట్టినవారు ఒక్కరూ కనిపించలేదు. ఎవరి పని వారు సరిగానే చేశారు. తలచుకున్నప్పుడు నాకు ఎక్కువ భయం వేసేది దానికే.

పులిగడ్డ రేవులో పడవ ఎక్కాను. పెట్టె మీద తెల్ల రంగుతో రాయించిన పినాంగు పేరును సరంగు బిగ్గరగా చదివాడు. మూలన గంప పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ గబగబా దగ్గరికి జరిగింది.

"దేశాన్నించి వస్తన్నారా బాబుగారూ? మా మనవడు ఆడే ఉన్నాడండి, రబ్బరు తోటలో. పొడుగ్గా ఉంటాడు, ఎడం చెవికి పోగు. అవుపడ్డాడా?"

"నేను వెళ్ళలేదు. కాగితాలు ఆలస్యమయ్యాయి."

"కాగితాలేంటండీ? మావోడికి ఏ కాగితం లేదే. కంగాణీ వచ్చాడు, ఏలిముద్ర ఏయించుకున్నాడు, వారంలో ఓడెక్కించాడు."

కంగాణీ అంటే తోటలకు మనుషులను కూర్చి తీసుకుపోయే మేస్త్రీ. ఆమె నా పెట్టెను, చెప్పులను, ముఖాన్ని వరసగా చూసింది.

"పోనీ తవరు మా కంగాణీతో ఎల్లకూడదా? చదువొచ్చినోరు గదా, చెట్లు గీసే పని చెప్పరులెండి, పద్దులు రాయిత్తారు. నేను చెప్తే ఇంటాడు, మా చెల్లెలి అల్లుడే." ఆమె గొంతులో వేళాకోళం లేదు. జాలి ఉంది.

సరంగు నా వైపు భయంగా చూశాడు. వాడిది మా ఊరి పక్కనే, మేమెవరమో ఎరుగును. నేను ఏమంటానో అని గెడ వేయడం ఆపాడు. పడవ కొంచెం దిగువకు కొట్టుకుపోయింది.

ఒడ్డున ఆమె గంప నేనే అందించాను. బురదలో నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మాఘంలో వస్తాడండి కంగాణీ. మా ఊరు రండి," అని ఊరి పేరు చెప్పింది.

గాలిలో సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను.