జోహరాబీ ఆన్‌లైన్‌లో ఉంది

కోటిరత్నానికి ఎవరు ఏ కబురు చెప్పాలన్నా ముందు ఆ పూట ఏం కూరో చెప్పాలి. పెళ్ళి కబురైనా అంతే, చావు కబురైనా అంతే. ఇల్లు తగలబడుతోందని పరుగెత్తుకొచ్చినవాణ్ణి కూడా ఆపి, "అన్నం తిన్నావా? ఏం కూర?" అని అడిగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అది అబద్ధం. తగలబడింది గడ్డివామి.

లోను ఇస్తామని ఫోన్ చేసిన బ్యాంకు పిల్ల చేత దొండకాయ వేపుడని చెప్పించి, నూనె తగ్గించమని మందలించింది. తెనాలి నుంచి రాంగ్ నంబరు చేసిన పెద్దమనిషి ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేసి కూర చెబుతాడు.

కోడలి వరసైన నాగజ్యోతికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఆ మధ్యాహ్నం వరకూ.

మిరపకల్లం మీద ఎండ నిప్పులు పోస్తోంది. గాలి లేదు, కాకి అరుపు లేదు. తన చంటిపిల్లను చంకనేసుకుని నాగజ్యోతి రేకుల షెడ్డులోకి వచ్చేసరికి కోటిరత్నం కాయల తొడిమలు తీయడం ఆపి ఫోను చూస్తోంది. తెర మీద జోహరాబీ ఫొటో, పక్కన ఆకుపచ్చ చుక్క.

జోహరాబీ కోటిరత్నానికి ప్రాణస్నేహితురాలు. ఇదే షెడ్డులో, ఆ పక్క గోనెపట్టా మీదే కూర్చునేది. పోయి ఏడాదయింది.

"అక్కా, హాస్పిటల్లో ఉన్నాను. చాలా సీరియస్. డబ్బు పంపు," అని ఉంది ఫొటో కింద.

"ఇంకా సీరియసేనంట," అంది కోటిరత్నం.

"అత్తయ్యా, ఎవడో దొంగ ఆమె అకౌంటు లాక్కున్నాడు. రిపోర్టు కొడితే మూసేస్తారు." నాగజ్యోతి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. అయినా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఉండమ్మాయ్." కోటిరత్నం మైకు గుర్తు నొక్కింది. "అన్నం తిన్నావా? ఏం కూర?"

చనిపోయిన మనిషి చాలాసేపు టైపు చేసింది. చెరిపేసింది. మళ్ళీ టైపు చేసింది.

"తినలేదు."

నాగజ్యోతి పిల్లను గట్టిగా హత్తుకుంది.

ఆ రోజు నుంచీ జోహరాబీ డబ్బు అడిగేది, కోటిరత్నం కూర అడిగేది. "నీళ్ళ చారు" అని వచ్చేది జవాబు. ఒక్కోరోజు "ఏమీ లేదు." తోటి ఆడవాళ్ళు ఆ ఖాళీ పట్టా వైపు చూడటం మానేశారు. ఒకామె పనిలోకి రావడమే మానేసింది.

"మీకు మతి పోయిందా అత్తయ్యా? ఆవిడ తిరిగి రాదు. ఇవాళ నేనే రిపోర్టు కొడతా."

"ఇది జోహరాబీ కాదని మొదటిరోజే తెలుసే. అది మధ్యాహ్నం తినకుండా ఏనాడుంది? డబ్బు పంపొద్దని అందరికీ చెప్పేశాలే."

"మరి ఈ మాటలెవరితో?"

"ఆకలితో ఉన్నవాడెవడో ఉన్నాడుగా అక్కడ. నువ్వు మూసేస్తే వాడికి ఇంకో తలుపు లేదు."

అని పొద్దున వచ్చిన వాయిస్ వినిపించింది. జోహరాబీ ఫొటోలోంచి మగ గొంతు గుసగుసలాడింది: "అమ్మా, నా పేరు ప్రకాష్. ఉద్యోగమని దేశం దాటించి గదిలో పెట్టి తాళమేశారు. మోసం చేయకపోతే తిండి పెట్టరు. మాది కొత్తపట్నం. బతికే ఉన్నానని మా అమ్మ అంకమ్మకి చెప్పండి."

నాగజ్యోతి ఆ వాయిస్‌నీ, మెసేజీలన్నిటినీ పోలీసులకిచ్చింది. రిపోర్టు మాత్రం కొట్టలేదు. మర్నాడు ఇద్దరూ కొత్తపట్నం బస్సెక్కారు.

అంకమ్మ ఇసుక మీద చేపలు ఎండేస్తోంది. కొడుకు పేరు వినగానే చీపురు తీసింది.

"వాడి జాడ చెబుతామని ఇప్పటికే ఇద్దరొచ్చి డబ్బు గుంజుకుపోయారు. మీరు మూడోవాళ్ళా?"

కోటిరత్నం ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

గుసగుస అయిపోయింది. చీపురు కిందపడింది. అంకమ్మ తెర మీది ముఖాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"దీంట్లో నొక్కి మాట్లాడు, వాడికి వినపడుద్ది," అంది కోటిరత్నం.

"ఒరే ప్రకాషా, పరాయి ఆడమనిషి ఫొటో పెట్టుకుని ఆ వేషమేందిరా? ముందు ఇంటికి రా, నీ వీపు చిట్లగొడతా," అంటూ మొదలుపెట్టి, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, ఏడాదిగా దాచుకున్న తిట్లన్నీ తిట్టింది.

ఏ పాపమూ ఎరగని జోహరాబీ వాటన్నిటినీ నవ్వుతూ పడింది.