పరదేశం బంతి

పత్తర్‌గట్టిలో పూలమ్మే బీరయ్య అంతకుముందు ఒక ఇంగ్లీషు దొర బంగళాలోనూ, ఒక ఫ్రెంచి దొరసాని తోటలోనూ మాలీగా చేశాడు. అక్కడినుంచి ఒక పాత కోటు, పూల పరదేశం పేర్లు తెచ్చుకున్నాడు. కోటు ఎండాకాలంలో కూడా విప్పడు. పూలమీద నీళ్లు చిలకరించి, ఆ తడి వేళ్లతోనే మీసం దువ్వుకుని, ఏ పువ్వునైనా ఇంగ్లీషులో ఒకసారి, ముక్కుతో ఫ్రెంచిలో ఒకసారి పిలిచాకే తూకం వేస్తాడు. సద్దుల బతుకమ్మ నాడు బంతిపూలు గుట్టగా పోసి, "ఫ్రెంచి పువ్వు! ఫ్రెంచ్ మారిగోల్డ్!" అని కేకేశాడు. పాలమ్మే ఆండాలు అప్పటికే తట్టలో నింపుకున్న పూలను మళ్లీ గుట్టలో పోసేసింది.

"పరదేశం పువ్వుతోని బతుకమ్మ పేరుస్తమా?"

వెనకున్న ఆడవాళ్లూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఈ పూట దాటితే ఆ గుట్టంతా ఆవుల మేతకే. బీరయ్య గబగబా అందుకున్నాడు.

"గట్ల గాదక్కా! ఇంగ్లీషోళ్లు ఫ్రెంచిది అంటరు. ఫ్రెంచోళ్లేమో 'ఓయె దాంద్', అంటే హిందుస్తాన్‌ది అంటరు. జర్మనోళ్లు సదువుకునే పోరగాండ్ల పువ్వు అంటరట."

ఆండాలు పూలకేసి జాలిగా చూసింది.

"అంటే, మాది అన్నోడు ఒక్కడు గూడ లేడా?"

"లేడక్కా."

"అయ్యో, ఇంటింటికి తరుముతున్నరా దీన్ని!" అంటూ ఆమె తట్ట ముందుకు జరిపింది. "ఇండ్ల పొయ్యి. మా ఇంటికి తీస్కపోత. నువ్వు మాత్రం ఇంకో దేశం పేరు ఎత్తకు."