మా వాకిట్లో ఆగిపోయిన కోర్టు మాట

మా అమ్మ కువైట్‌కు పోయినప్పుడు ఊర్లో మేం చెప్పుకున్నది బెంగళూరని. ఆడ మా మేనమామకు ఒళ్ళు బాగలేదు, చూసుకునేదానికి పోయిందని. అది నాయన కట్టిన మాట. కదిరిలో బస్సెక్కే ముందు అమ్మకు గూడా నేర్పినాడు. "ఎవరడిగినా బెంగళూరను. కువైట్ అనే మాట నీ నోట రాకూడదు," అన్నాడు. అమ్మ సరేనని తలూపింది.

ఎందుకంటే మాది రైతుల ఇల్లు! వానల్లేక చెనక్కాయ చేను మాడిపోయినా, బావిలో బొక్కెనకు బురద తగులుతాన్నా, రైతు రైతేనంట. నాయన పంచె చినిగినా మీసం దువ్వకుండా గడప దాటడు. అట్లాంటి మనిషి పెండ్లాం పరాయి దేశంలో ఎవరింట్లోనో బండలు తుడుస్తాందని తెలిస్తే, రచ్చకట్ట మీద ఇంకెట్లా కూర్చుంటాడు? ఆమె తుడిచి పంపిన దుడ్లతో అన్నం తినేదానికి మాత్రం ఏ అడ్డమూ లేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గే.

కొన్నాళ్ళు అమ్మ రాసిన జాబులు వచ్చినాయి. ఆమీద ఆగిపోయినాయి. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకామె నల్లమాడలో ఉండే మా అవ్వను, అంటే అమ్మను కన్నతల్లిని, వెతుక్కుంటా వచ్చింది. "నీ బిడ్డను ఇల్లు దాటనియ్యరమ్మా. పాస్‌పోర్టు వాళ్ళే పెట్టుకున్నారు. చేతి మీద ఇస్త్రీపెట్టెతో కాల్చిన మచ్చ ఉండాది. నా కండ్లతో చూసినా," అని చెప్పింది.

అవ్వ ఏడుస్తా కూర్చోలేదు. కొంగు దోపుకొని, నన్ను తోడు తీసుకొని, కదిరిలో ఒక వకీలు ఇంటికి పోయింది.

"ఢిల్లీలో పెద్ద కోర్టు ఉండాదంట గదప్పా. వాళ్ళకు చెప్పి నా బిడ్డను తెప్పియ్యి," అనింది.

"అవ్వా, ఆ కోర్టు మాట మన దేశం పొలిమేర దాకానే. ఆ దేశపోళ్ళకు హుకుం ఇయ్యలేదు. ఆడికి పోలీసుల్నీ పంపలేదు."

"మరింకేంటికప్పా అంత పెద్ద కోర్టు?"

వకీలు మంచోడు, కోపం చేసుకోలేదు. "మన గవర్నమెంటును నిలదీస్తాది. మీ దేశపు మనిషే గదా, ఆమె గురించి ఆ దేశపోళ్ళను అడిగినారా, ఏం చేసినారో వచ్చి చెప్పండి అంటాది. అడగమని చెప్పగలదు, అంతే. అడిగితే వాళ్ళు పంపుతారా లేదా అనేది కోర్టు చేతిలో లేదు."

"అడిగితే చాలు నాయనా," అనింది అవ్వ. "ఇంతవరకూ నా బిడ్డ ఏమైందని అడిగినోడే లేడు."

ఆ మాట మా నాయన గురించేనని నాకు తెలిసిపోయింది.

అవి ఎనభైలు. బీదోళ్ళు కాగితమ్మీద రాసి పంపినా పెద్ద కోర్టు వింటాందని పేపర్లలో వస్తాండేది. వకీలు రాసినాడు, అవ్వ వేలిముద్ర వేసింది. కోర్టు నిజంగానే వినింది! ఆమె సంగతేమో కనుక్కోండని గవర్నమెంటుకు చెప్పింది. అయితే అమ్మకు ఆడ పని కుదిర్చిన ఏజెంటు సర్కారు లెక్కల్లో పడకుండా దొంగదారిన పంపించినాడు, ఆమె దేశం దాటినట్లు ఢిల్లీలో ఆధారం దొరకలేదు. నిజంగా పోయిందా అని ఊర్లో విచారించమన్నారు. ఢిల్లీలో బయల్దేరిన మాట దిగతా దిగతా మా వాకిట్లోకి జీపులో వచ్చింది.

జీపు చూస్తే ఊరు ఊరికే ఉంటాదా? అందరూ చేరినారు. ఆఫీసరు మంచం మీద కూర్చొని అడిగినాడు. "ఏమప్పా, మీ ఇంటావిడ కువైట్‌కు పోయిందా?"

అది అమ్మ కోసం వచ్చిన విచారణేనని నాయనకు తెలుసు. అవ్వ ముందే చెప్పి పంపించింది. నాయన చుట్టూ ఉన్నోళ్ళను చూసినాడు. మీసం మీద చెయ్యేసినాడు.

"కువైటా? ఎవరు చెప్పినారు సార్? బెంగళూర్లో వాళ్ళన్న ఇంట్లో ఉండాది."

"అవున్సార్, బెంగళూరే," అన్నారు ఊరోళ్ళు. పాపం, వాళ్ళకు మేం చెప్పింది అదే గదా. మజ్జిగ చెంబు పట్టుకొని నేను తలుపు కాడ నిలబడినా. చెంబు నాయన నెత్తిన కుమ్మరించల్లన్నంత కోపం వచ్చింది. ఆఫీసరు రాసుకొని, మజ్జిగ తాగి పోయినాడు.

మొగుడే బెంగళూరంటే మేం కువైట్‌లో ఎవర్ని వెతకల్లని గవర్నమెంటు వకీలు కోర్టులో అడిగినాడంట. కేసు కొట్టేస్తారని కదిరి నుంచి కబురొచ్చింది. అవ్వ మా ఇంటికొచ్చింది. లోపలికి రాలేదు, నీళ్ళిస్తే ముట్టలేదు.

"కోర్టు గవర్నమెంటు నోరు తెరిపిచ్చింది గదప్పా," అనింది నాయనతో. "నీ నోరు తెరిపిచ్చేదానికి నేను యా కోర్టుకు పోవల్ల?"

నాయన అంగీ వేసుకొని బస్సుకు పోయినాడు. నేను చెప్పింది అబద్ధం, నా భార్య కువైట్‌లోనే ఉండాది అని వకీలు కాడ సంతకం పెట్టినాడు. పెట్టి, చేతులు జోడించినాడంట. "ఊర్లో మాత్రం తెలియనియ్యొద్దు సార్."

ఆమీద గవర్నమెంటు అడిగింది. ఆడుండే మన దేశపు ఆఫీసర్లు ఆ ఇంటికి పోయి అడిగినారు. ఆ ఇంటోళ్ళు పాస్‌పోర్టు ఇచ్చేసినారు. "మీ అదృష్టం. ఇయ్యం పో అని ఉంటే, అంత పెద్ద కోర్టూ ఏం చేసేది కాదు," అన్నాడు వకీలు.

అమ్మ బస్సు దిగింది. చిక్కి సగమైంది. చేతి మీద మచ్చ మాత్రం నల్లగా కనపడతాంది. నాయన పెట్టె ఎత్తుకున్నాడు. దాని మీద అంటించిన అరబ్బీ చీటీ అట్లనే ఉండాది, చూసినోళ్ళకు చూసినంత. వీధి మొగదల ముసలామె అడ్డమొచ్చింది.

"ఏమ్మా, ఎన్నాళ్ళకు వస్తివి! బెంగళూరు నుంచేనా?"

అమ్మ నాయన దిక్కు చూసింది. ఈసారన్నా చెప్తాడని నేనూ చూసినా. నాయన నేల చూస్తా నిలబడినాడు.

అమ్మ కొంగు లాక్కొని చేతి మచ్చ కప్పుకుంది.

"బెంగళూరు నుంచే, అత్తా," అనింది. "ఆడ శానా చలి."