పత్తి మిల్లు చూపించమని అడిగాను

నా చిన్నప్పుడు మా నాన్న నా చేత ఒక మాట అడిగించాడు. "తాతను పత్తి మిల్లు చూపియ్యమను. నువ్వడిగితే కాదనడు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఎనిమిదేళ్ల మొద్దును, బస్సెక్కుతామంటే చాలు నాకు!

అప్పుడు ఎల్బీనగర్ చుట్టూ చేలన్నీ కాలనీలవుతున్నాయి. బడంగ్‌పేట్ దారిలో మా చేను ఒక్కటే మిగిలింది. కాగితాల్లో అది నాన్న పేరున ఉన్నా, దున్నేది తాత. ప్లాట్ల వాళ్లు వస్తే కట్టె పట్టుకుని తరిమేవాడు. వాళ్లకు నాన్న అప్పటికే మాటిచ్చేశాడని ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను అడగ్గానే తాత మురిసిపోయాడు. మర్నాడే నాయనమ్మను, అమ్మను, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. నాన్న పని ఉందన్నాడు.

విత్తనానికని ఏరి దాచిన పత్తిని తాత మూటగట్టి తెచ్చాడు. దాన్ని విడిగా ఆడించమని మిల్లు వాళ్లను బతిమాలాడు. వేరే గింజ కలవకూడదని యంత్రం కింద తానే చీపురు పట్టి ఊడ్చాడు. రోలరు దూదిని లాక్కుంటుంటే గింజలు కింద రాలాయి. వాటిని నా గౌను నిండా పోసి, "వచ్చే ఏడు నీ చేత్తోనే విత్తాలె బిడ్డా" అన్నాడు. ఆ మనిషి అంతగా నవ్వడం మళ్లీ నేను చూడలేదు.

తిరిగొచ్చేసరికి పత్తిచెట్లన్నీ పీకి ఒక పక్క కుప్పేశారు. చేనంతా సున్నపు గీతలు, హద్దురాళ్లు. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

"నువ్వుంటే రాళ్లు పాతనియ్యవు నాయినా. ఏం జెయ్యాలె మరి?" అన్నాడు.

తాత నా వైపు తిరిగి, "మిల్లు జూపియ్యమని నిన్ను ఎవరడగమన్నరు బిడ్డా?" అన్నాడు. నేను నాన్న వైపు వేలు చూపించాను.

అప్పుడే నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ తర్వాత నేను పెన్సిల్ కావాలన్నా, కథ చెప్పమన్నా, "ఎవరడగమన్నరు?" అనేవాడు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నేనేనని ఒట్టేసినా నమ్మేవాడు కాదు.

నాన్న మీద ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు. ఇప్పుడు మనవరాలు వచ్చి నన్ను ఏదైనా అడిగితే, దాని ముఖం చూడకముందే దాని వెనక ఎవరున్నారా అని చూస్తాను. పసిపిల్ల మాటను కూడా నమ్మలేని పాడు బుద్ధి నాకు ఆ రోజే వచ్చింది.