పసుపుకు మూడు తోకలు

మా చెల్లెలు ఉన్నన్నాళ్లు ఇది రాయలేకపోయాను. నాకు అక్షరాలొచ్చిందే అరవై దాటినాక. వచ్చినాక కూడా, నేను ఏది రాసినా ముందు లాక్కుని చదివేది అదే. పోయినేడు అది పోయింది. నా కుళ్లు ఇక దాని కంటబడదు.

మాది ఆళ్లగడ్డ. నన్ను నంద్యాలలో కాంపౌండరుకిచ్చారు. ఇంటి ముందు గదే మందుల అంగడి. ఐదేండ్లయినా నా కడుపు పండలేదు. ఎనిమిది చదివిన నా చెల్లెల్ని అంగట్లో సాయానికని మా అత్త పిలిపించింది. "పరాయిదైతే సవతి పోరు. తోడబుట్టిందైతే సర్దుకుంటుంది" అని ఆమె పక్కింటావిడతో అంటుంటే విన్నాను.

మా ఆయన దానికి డబ్బాల మీది పేర్లు నేర్పేవాడు. అంట్లు తోముతూ అది వల్లె వేసేది: "ఫ్లావుస్, ఫ్లావా, ఫ్లావుం."

"ఏందే ఆ పాట?"

"పాట కాదక్కా, లాటిన్లో పసుపు రంగు. మైనం డబ్బా మీదైతే ఫ్లావా, పారఫీను మీదైతే ఫ్లావుం. పక్కనుండే మాటను బట్టి తోక మారుతాది."

"పసుపుకు తోకేందే? చీరకైనా పంచెకైనా పసుపు పసుపే గదా!"

లోపల్నుంచి ఆయన నవ్వాడు. "మీ అక్కకు ఆ తోకలు యాడ పట్టుబడతాయిలే పిల్లా!"

ఇద్దరూ నవ్వారు.

ఇంకో రోజు అన్నం తింటూ ఆ మాట పుట్టుక చెప్పాడు. పండిన చేనుకు, తేనెకు, దొరసానుల జుట్టుకు ఆ మాట వాడేవాళ్లంట. ఇంగ్లీషులో నీలానికుండే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చిందని ఏదో పుస్తకంలో చదివాడంట. చెబుతున్నంతసేపు చెల్లెలి వైపే చూశాడు. వడ్డించేది నేను. ఒక కడుపున పుట్టి ఒకటి పసుపు, ఒకటి నీలం. అది నిజమే అనుకున్నాను.

ఆ వారమే గోస్పాడు నుంచి చెల్లెలికి సేద్యగాళ్ల సంబంధం వచ్చింది. మీరేమంటారని మా నాయన కబురు పంపాడు.

"ఇంత చదువొచ్చిన పిల్లను పేడ ఎత్తను పంపుతారా? ఇంకో ఏడాది ఈడనే ఉండనీ" అన్నాడు ఆయన. అత్త తలూపింది.

"నువ్వేమంటావే?" అని చెల్లెల్ని అడిగాను.

"నాకేం తొందరక్కా" అంది, అంగడి వైపు చూస్తూ.

మరుసటి పొద్దున ఎవరినీ అడక్కుండా రోలు వాకిట్లోకి దొర్లించి కడిగాను. రోకలికి తమలపాకు, పసుపు కొమ్ము కట్టి, వీధిలో ముత్తయిదువలను పిలిచాను. మా పక్క పెండ్లి పసుపు దంచినాక ఆ పెండ్లి ఆపితే పిల్లకు కీడంటారు. ఎంతటివాళ్లైనా వెనక్కి పోరు.

"ఎవరి పెండ్లమ్మీ?"

"మా చెల్లెలిది. గోస్పాడు సంబంధం."

అత్త పరుగున వచ్చింది. "అడక్కుండా ఏం పనే ఇది?"

నేను రోకలెత్తి మొదటి పోటు వేశాను.