ఎడమవైపు పడుకోబెట్టి

సుబ్బరావమ్మను ఆ ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. రేపు ఇంకెవరో చెప్పగా వినేకంటే, ఆ సంగతి నా నోటితోనే ముందు చెప్పేస్తున్నాను. నా పేరు నస్రత్, మా ఊరి ఆశా కార్యకర్తను. కాన్పులకూ కుక్కకాట్లకూ జనాన్ని ఆటో ఎక్కించి తీసుకెళ్లడం నా పని.

సుబ్బరావమ్మకు నలభై ఆరేళ్లు. పదిహేనో ఏట నుంచీ మిరపకాయలతోనే బతుకు. చేలో కోత, కల్లంలో తాలుకాయలు ఏరడం, కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీయడం. ముఠాలో ఆమె పక్కన చోటు కోసం ఆడవాళ్లు పోటీపడేవాళ్లు. ఆమె నోరు అలాంటిది మరి. ఘాటుకు అందరూ తుమ్ముతుంటే ఈవిడ ఏదో ఒకటి అని నవ్వించేది. అంత నవ్వుల మనిషికీ ఒక బాధ ఉంది. విరేచనం సాఫీగా కాదు. నాలుగు రోజులకోసారి, అదీ గంటసేపు ముక్కితే. ఆముదం, సునాముఖి ఆకు, పీహెచ్‌సీలో ఇచ్చే మందులు, అన్నీ అయ్యాయి. "అందరికీ దేవుడు పొట్ట ఇచ్చి ఊరుకున్నాడు నస్రతక్కా, నాకు తాళం కూడా వేసి పంపాడు" అనేది.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దీనికి ఏదో పరీక్ష ఉందంటే తీసుకెళ్లాను. బల్ల మీద ఎడమవైపు తిరిగి, మోకాళ్లు మడిచి పడుకోమన్నారు. వెనక నుంచి సన్నటి గొట్టంతో చిన్న బుడగ లోపలికి పెట్టి నీళ్లు నింపారు. దాన్ని బయటికి నెట్టాలి. నెట్టగలిగితే కండరాలు బాగున్నట్టు, లేకపోతే లోపమున్నట్టు. పడుకుని ఆ పని ఎవరు చేస్తారు? ఆ ప్రశ్న నాకప్పుడు తట్టలేదు. తట్టినా డాక్టర్ల ముందు నాకు నోరు పెగలదు.

ఇంకో సంగతి. సుబ్బరావమ్మ ఇంట్లో మరుగుదొడ్డి ఉంది కానీ, అందులో ఇప్పటికీ పొయ్యిలోకి దాచిన పత్తికంపే ఉంటుంది. ఆమె చేల మధ్య డొంకలోకే పోతుంది. అక్కడ ట్రాక్టరు లైటు పడినా, మగమనిషి అలికిడైనా ఆడవాళ్లు ఉన్నపళాన లేచి నిలబడాలి. వచ్చేది కూడా లోపలికి పోతుంది. అలా బిగబట్టడం చిన్నప్పుడే నేర్చిన ఒళ్లు అది. ఆ గదిలోనేమో కంప్యూటరు ముందు ఒక మగాయన కూర్చుని "ముక్కమ్మా, గట్టిగా ముక్కు" అంటున్నాడు. తలుపు రెండుసార్లు తెరుచుకుంది. సుబ్బరావమ్మ నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. ఐదు నిమిషాలైనా బుడగ రాలేదు.

వదులు కావాల్సిన కండరం బిగుసుకుంటోందని రిపోర్టు ఇచ్చారు. దాన్ని కొంచెం కోస్తే సరిపోతుందన్నాడు సర్జను. ఆలోచించుకుని వస్తామంది సుబ్బరావమ్మ. మా వెంట వచ్చిన ఆమె భర్త యలమందయ్య ఆగడానికి ఒప్పుకోలేదు. పెళ్లాం కంట నీరు చూడలేని మనిషి. "కోసెయ్యండి సార్, ఎన్నేళ్లని ఏడుస్తది" అని సంతకం పెట్టాడు. నేనూ "భయపడకే, ఏం కాదు" అన్నాను. నా నోట్లో మన్నుపడ.

ఆపరేషన్ తర్వాత ఆమెకు ఆపుకునే శక్తే పోయింది. దగ్గినా, బరువెత్తినా, తెలియకుండానే అయిపోతుంది. అయినా తొడిమలు తీయడానికి వెళ్లింది. మిరప ఘాటుకు తుమ్మకుండా ఎవరుంటారు? మూడో రోజు, ఆమె పక్కన చోటుకు పోటీపడినవాళ్లే తమ గోతాలు దూరంగా జరుపుకున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, తిరిగి నాలుగు అనేది. ఇంటికొచ్చేసింది, మళ్లీ పనికి పోలేదు. ఆమె గుడ్డలు యలమందయ్యే ఉతుకుతాడు, వీధి పంపు దగ్గర, ఆడవాళ్లందరూ చూస్తుండగా.

పోయిన నెల ఒంగోలులో ఒక డాక్టరమ్మకు చూపించాను. కాగితాలన్నీ చదివి, "ఈ బుడగ పరీక్ష ఎలా చేశారు? కూర్చోబెట్టా, పడుకోబెట్టా?" అని అడిగింది.

"ఎడమవైపు పడుకోబెట్టి" అన్నాను.

ఆమె కాగితాలు పక్కన పెట్టింది. "పడుకుని నెట్టమంటే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరు నెట్టలేరమ్మా. కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, తలుపేసి, మళ్లీ చూడాల్సింది. అప్పుడూ రాకపోతే ముందు కండరం వదులయ్యే వ్యాయామం నేర్పిస్తారు. కొయ్యరు."

"కూర్చోబెడితే నాకు వచ్చేదా అమ్మా?" అంది సుబ్బరావమ్మ.

"వచ్చి ఉండొచ్చు. కోశాక ఇప్పుడు తేల్చలేం."

"మరి ఇది తగ్గుద్దా?"

"కొంత తగ్గొచ్చు. పూర్తిగా తగ్గదమ్మా."

బస్టాండులో నాకు కోపం ఆగలేదు. ఆ సర్జన్ని, ఆ రిపోర్టుని, నన్ను నేను, అందరినీ తిట్టాను. సుబ్బరావమ్మ అంతా విని, "అక్కా, ఈ మాట మా ఆయనకి చెప్పమాక" అంది.

"ఎందుకు చెప్పకూడదే? తెలియొద్దా?"

"సంతకం పెట్టింది ఆయన. రోజూ నా గుడ్డలు ఉతికేదీ ఆయనే. తెలిస్తే ఉతికినప్పుడల్లా ఏడుస్తాడు."

ఊళ్లో బస్సు దిగేసరికి యలమందయ్య రోడ్డు మీదే ఉన్నాడు. "ఏమందమ్మా నస్రతమ్మా, డాక్టరమ్మ?"

"ఆపరేషన్ చేయించి మంచి పని చేశారందన్నా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "చూశావటే! ఆ రోజు నేను పట్టుబట్టబట్టి సరిపోయింది" అన్నాడు పెళ్లాంతో.

"అవునయ్యా" అంది సుబ్బరావమ్మ.