మాస్టారు నాకిచ్చిన గారు

ఈ పొద్దున ఫోర్తు ఫారం కాగితాలు దిద్దుతుంటే కిటికీలోంచి రెల్లు దూది ఒకటి తేలుతూ వచ్చి, తడి ఆరని ఎర్రసిరా మీద వాలింది. ఊదితే కదలలేదు. వేలితో తీయబోతే సిరా అలుక్కుపోయి, పాపం ఎవరిదో తప్పు లేని వాక్యం కూడా ఎర్రబడింది. దూది వెనకే గోదావరి గట్టు మీంచి వాసన వచ్చింది. వరద తీశాక ఎండకు ఆరుతున్న ఒండ్రు వాసన అది. ఇక దిద్దడం సాగలేదు. ఏటా ఆశ్వయుజంలో నాకు ఈ జబ్బు తిరగబెడుతుంది. దానికి నాకు తెలిసిన మందు ఒకటే, మా దేవసహాయం మాస్టారిని కాసేపు తలుచుకోవడం.

మీరు ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, తలపాగా ఎప్పుడూ ఎడమ చెవి మీదికి జారి ఉండేది. రాజమహేంద్రవరంలో మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఆదివారం క్రైస్తవుల గుడిలో పాట ఎత్తుకునేదీ ఆయనేనట, అందుకే గొంతు మూడు గదుల అవతలికి వినపడేది. ఫిఫ్తు ఫారం దాకా మమ్మల్ని "ఒరేయ్" అని తప్ప పిలవలేదు. అలాంటి మనిషి, మేం మెట్రిక్యులేషన్ క్లాసులో అడుగుపెట్టిన మొదటి రోజున హాజరు పట్టీ తెరిచి "నూకరాజుగారండి" అన్నారు. పదకొండు మందిమీ ఒకేసారి నవ్వాం. ఆయన నవ్వలేదు.

"ఈ ఏడాదంతా మీరు గారులేనండి. అలవాటు చేసుకోండి" అని తరవాతి పేరు పిలిచారు.

ఎందుకో చెప్పలేదు. మా గోదావరి వాళ్ళకు గారు కొత్తేమీ కాదు. గొడ్డును అదిలించేటప్పుడు కూడా అండీ అనే రకం మేము. అయితే అదే గారుతో మనిషిని నిలువునా కోయడమూ మాకు బాగా తెలుసు. అందుకే అది మర్యాదో వెటకారమో తేలక కొన్నాళ్ళు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. మా క్లాసు కొంటె కోణంగి ఒకడు "గారు వచ్చింది సరే, గారెలెప్పుడురా?" అని అడిగి, ఏడాదంతా ఆ మాట వదల్లేదు.

మిగతా పదిమంది సంగతి వేరు. వాళ్ళ ఇళ్ళల్లో తాతల పేర్ల చివర గారు ఉంది. మాది చేపలు పట్టుకునే కుటుంబం. మా అయ్య పోలయ్యను పోలిగా అని పిలిచేవాళ్ళే ఎక్కువ. ఫీజు లేకుండా బళ్ళో చేర్చుకున్నారు కనక చదివాను. మెట్రిక్యులేషన్ ఒక్కసారి రాయడానికి మా అయ్య ఒప్పుకున్నాడు. తప్పితే మళ్ళీ రాయడం లేదు, తెడ్డు పట్టడమే.

ఇక్కడ నా మనసులోని దొంగతనం చెప్పుకోవాలి. తెడ్డు పట్టడమంటే నాకు భయం లేదు. పరీక్ష డిసెంబరులో. దానికి ముందు రెండు నెలలూ, చదవాల్సిన ఆ రెండు నెలలే, గోదావరికి పండగ రోజులు. ఎర్రనీరు పోయి నీరు తేటబడుతుంది. లంకల చుట్టూ ఇసుక తిన్నెలు పైకి లేస్తాయి. రెల్లు పూసి లంకలన్నీ తెల్లబడతాయి. ఆ రోజుల్లో పుస్తకం ముందు కూర్చోవడం నావల్ల అయ్యేది కాదు. బడికని బయలుదేరి ఎన్నిసార్లు రేవులో తేలానో లెక్కలేదు.

ఆ ఆశ్వయుజంలోనే మాస్టారు శరత్కాలం మీద ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. నేను రేవు నుంచి ఆలస్యంగా వచ్చాను. ఆలోచించే ఓపిక లేక, మా రీడరులో ఉన్న పాఠాన్నే అటూ ఇటూ తిప్పి రాసిచ్చాను. ఆకులు పండి రాలుతున్నాయనీ, ఆపిల్ పళ్ళు కోస్తున్నారనీ, చలికి ముసలివాళ్ళు పొయ్యి దగ్గర చేరారనీ రాశాను. మాస్టారు నన్ను నిలబెట్టి, మూడు గదుల అవతలికి వినపడే ఆ గొంతుతో క్లాసంతటికీ చదివి వినిపించారు.

"నూకరాజుగారూ, ఈ ఆకులు ఎక్కడ రాలుతున్నాయండి?"

నేను తల వంచుకున్నాను.

"మీ అయ్యగారు లంకలో ఆపిల్ తోట వేశారాండి? మాకు చెప్పనే లేదు."

క్లాసు గొల్లుమంది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట మా అయ్య ఉన్నాడు. పొద్దున నేను మరిచిపోయిన చద్దిమూట ఇవ్వడానికి వచ్చాడు. ఆకులూ ఆపిళ్ళూ అతనికేం తెలుసు? కొడుకు తలవంచుకు నిలబడ్డాడు, మాస్టారేమో "గారు, గారు" అంటున్నారు, పదిమంది నవ్వుతున్నారు. అతను విన్నది అంతే. గుమ్మంలోకి వచ్చాడు.

"మాస్టారండి, మావోడు తప్పు సేత్తే కొట్టండి. ఒరేయ్ అనండి. గారు తగిలించి నవ్వుకోడమేంటండి? వలలేసుకునేవోళ్ళమని ఎటకారమాండి?"

మాస్టారు ఏదో చెప్పబోయారు. మా అయ్య వినలేదు, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. సిగ్గు వేసింది నిజమే. కానీ వీధి మలుపు తిరిగి ఏరు కనపడేసరికి లోపల్లోపల సంతోషం కూడా వేసింది. ఈ మాట ఇన్నేళ్ళకు రాస్తున్నాను, మా అయ్యకు ఎన్నడూ చెప్పలేదు.

అలా శరత్తు మొత్తం నా చేతికి వచ్చింది. పొద్దున్నే పడవ, వల, తేట నీళ్ళు. మొదటిరోజు హాయిగా గడిచింది. రెండోరోజు వల విసిరి చూస్తున్నాను కదా, నీటి అడుగున ఇసుక మీద అలల గీతలు కనపడ్డాయి. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అనుకున్నాను. తెలియలేదు. అడగడానికి మనిషీ లేడు. మూడోరోజుకు ఆ తెలియకపోవడం కంట్లో నలుసులా తయారైంది. నాకు ఇష్టమైన ఏట్లో, ఇష్టమైన రోజుల్లో, మొట్టమొదటిసారి విసుగొచ్చింది.

నాలుగోరోజు పొద్దున మాస్టారు రేవుకు వచ్చారు. మా అయ్య ఆయన వైపు చూడకుండానే "సెప్పేదేవన్నా ఉంటే పడవెక్కి సెప్పండి. నాకు ఏట్లో పనుంది" అన్నాడు. మాస్టారికి ఈత రాదు, నీళ్ళంటే భయమని ఊరందరికీ తెలుసు. ఆయన చెప్పులు గట్టున విడిచి పడవ ఎక్కారు. రెండు చేతులా అంచు పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ముగ్గురం ఏటి నడిమికి వచ్చాం.

"పోలయ్యగారూ" అని మొదలుపెట్టారు.

"మళ్ళీనాండి?" అన్నాడు మా అయ్య.

"వినండి. మా నాన్న పొలాల్లో కూలి చేస్తూనే పోయాడండి. పోయేదాకా ఆయన్ని ఒక్కరూ గారు అనలేదు. నేను మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి ప్యాసయ్యాను. ఆవేళ హెడ్మాస్టరుగారు అందరి ముందూ దేవసహాయంగారూ అన్నారండి. నేనేం చేశానో తెలుసాండి? ఎవరినో పిలుస్తున్నారని వెనక్కి తిరిగి చూశాను. గది గదంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉందండి." పడవ కాస్త ఒరిగితే ఆగి, అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "మీవాడు అలా వెనక్కి చూడకూడదండి. అందుకని ముందునించే అలవాటు చేస్తున్నాను. ఆ వ్యాసం అందరిముందూ చదవడం నా తప్పే. నోరు జారాను. అది మాత్రం ఎటకారమేనండి, ఒప్పుకుంటున్నాను. గారు మాత్రం కాదు."

మా అయ్య తెడ్డు ఆపలేదు.

"ఏటి ఈతకీ లంక మేతకీ సరిపోద్దేమోనండి ఈ సదువు" అన్నాడు. "ఇటు వలా రాక, అటు పుస్తకమూ రాక, రెంటికీ సెడ్డ రేవడవుతాడు."

"ఒక్కసారి రాయనివ్వండి. తప్పితే తెడ్డు నేనే తెచ్చి చేతికిస్తానండి."

మా అయ్య నా వైపు తిరిగి "ఏరా, రాత్తావా?" అన్నాడు. ఇష్టమేనా అని నన్ను అడగడం అదే మొదలు. "రాస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అయితే ఆడిని అనుకోండి మీ గారు. నన్ను మాత్రం వొద్దండి, బరువు" అని పడవ గట్టుకు తిప్పాడు.

ఆనాటి నుంచి మాస్టారు నాకో నియమం పెట్టారు. పొద్దున అయ్యతో వలకు వెళ్ళాలి. ఎనిమిదింటికల్లా బడికి వచ్చి, ఆ రోజు ఏట్లో చూసినవి పది వాక్యాలు ఇంగ్లీషులో రాయాలి. రీడరులో ఉన్న ఒక్క వాక్యమూ రాకూడదు. చూడనిది ఒక్క మాటా రాయకూడదు. మొదట్లో వాక్యానికి నాలుగు తప్పులు వచ్చేవి. ఓపిగ్గా దిద్దేవారు. "చూడకుండా రాసింది ఎవరిదో అయిపోతుందండి. చూసి రాసింది తప్పుల తడకైనా మీదే" అనేవారు. ఇసుక మీది గీతలకు మాట అడిగితే ఆయనకూ తెలియలేదు. నిఘంటువు తిరగేసి, మర్నాడు రేవులోనే కాసుకుని కూర్చుని చెప్పారు. పగలు లెక్కలు, చరిత్ర. నిద్రొస్తే చన్నీళ్ళు. రెల్లు పూసింది, దూదై ఎగిరిపోయింది. చూశాను, రాశాను, లేచి వెళ్ళి లెక్కలు చేసుకున్నాను. ఏరు మీద ఇష్టం పిసరంత తగ్గలేదు. అది నా పని చెడగొట్టడం మాత్రం మానేసింది.

పరీక్షలో వ్యాసం పెందరాళే నిద్ర లేవడం వల్ల లాభాల మీద వచ్చింది. నాకు నవ్వొచ్చింది. తెల్లవారుతుండగా లంక పక్కన వల వేసే మనిషి ఏమేం చూస్తాడో రాసిచ్చి వచ్చాను. అందులో ఒక్క ఆకూ రాలలేదు.

మాఘంలో పరీక్ష ఫలితాల గెజిట్ వచ్చింది. మా స్కూలు నుంచి ప్యాసయింది నలుగురం. హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి పేర్లు చదువుతూ "నూకరాజుగారు" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. తిన్నగా నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. స్తంభం పక్కన మాస్టారు నా కాళ్ళ వైపే చూస్తున్నారు, ఎక్కడ తడబడతానోనని. తడబడలేదని రూఢి అయ్యాక తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు.

"ఒరేయ్ నూకరాజూ" అన్నారు. ఏడాది తరవాత ఆ మాట. "ఇటు రారా. పరిగెత్తి మీ అయ్యకు చెప్పరా ముందు."

ఆవేళ మా అమ్మ నిజంగానే గారెలు వండింది. మా అయ్య ఒక గిన్నెడు తీసుకుని తనే మాస్టారింటికి నడిచాడు. గుమ్మంలో నిలబడి "దేవసాయంగారండి" అని పిలిచాడట. లోపలినుంచి ఆయన "పోలయ్యగారాండి, రండి" అన్నారట. ఈసారి మా అయ్య బరువనలేదు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. నేనూ మాస్టారినే. మెట్రిక్యులేషన్ క్లాసు మొదటి రోజున హాజరు పిలుస్తూ గారు అంటాను, పిల్లలు నవ్వుతారు, నేను నవ్వను. ఇప్పుడు ఊరంతా నన్ను నూకరాజుగారనే పిలుస్తుంది. ఆ పిలుపుకు నేను వెనక్కి తిరగను, అది మాస్టారి చలవ. కానీ ఈ రోజుల్లో, రెల్లు పూసి ఏరు తేటబడినప్పుడు, గట్టు మీద నడుస్తుంటే ఎవరో పడవవాళ్ళు ఒకరినొకరు "ఒరేయ్" అని గట్టిగా కేకేసుకుంటారు. అప్పుడు మాత్రం ఆగి, వెనక్కి తిరిగి చూస్తాను.